నెట్టీ స్టీవెన్స్

నెట్టీ మరియా స్టీవెన్స్ (జూలై 7, 1861 - మే 4, 1912) అమెరికాకు చెందిన ప్రముఖ జన్యు శాస్త్రవేత్త. జీవులలో ఆడ, మగ భేదాన్ని నిర్ణయించేది క్రోమోజోములేనని నిరూపించిన తొలి పరిశోధకులలో ఈమె ఒకరు.

జీవితం

ఈమె వెర్మాంట్ రాష్ట్రంలోని కావెండిష్‌లో జన్మించింది. తండ్రి వడ్రంగి. కొంతకాలం ఉపాధ్యాయినిగా పనిచేసి, 35 ఏళ్ళ వయసులో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో చేరింది. 1903లో బ్రిన్ మార్ కళాశాల నుండి డాక్టరేట్ పొందింది. రొమ్ము క్యాన్సరుతో బాల్టిమోర్‌లో మరణించింది.

పరిశోధన

తల్లి ఆహారం, ఉష్ణోగ్రత వంటివే లింగాన్ని నిర్ణయిస్తాయని అప్పట్లో పలువురు భావించేవారు. స్టీవెన్స్ పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శినితో పరిశీలించింది. ఆడపురుగు కణాలలో 20 పెద్ద క్రోమోజోములు ఉండగా, మగపురుగు కణాలలో 19 పెద్దవి, ఒకటి చిన్నది కనిపించాయి. చిన్న క్రోమోజోము గల శుక్రకణం అండంతో కలిస్తే మగ, పెద్దది గలది కలిస్తే ఆడ పుడుతుందని 1905లో ప్రతిపాదించింది. అదే సంవత్సరం ఎడ్మండ్ విల్సన్ కూడా స్వతంత్రంగా ఇటువంటి నిర్ణయానికే వచ్చాడు. చాలాకాలం ఈ ఘనత ఎక్కువగా ఆయనకే దక్కింది.

ప్రాముఖ్యత

ఆ చిన్న క్రోమోజోమే వై క్రోమోజోము. మానవులలో తల్లి నుండి శిశువుకు ఎక్స్ క్రోమోజోమే సంక్రమిస్తుంది. తండ్రి నుండి ఎక్స్ వస్తే సాధారణంగా ఆడశిశువు, వై వస్తే మగశిశువు జన్మిస్తారు. వై క్రోమోజోముపై ఇందుకు కారణమైన ఎస్.ఆర్.వై. జన్యువును 1990లో గుర్తించారు. కనుక ఆడపిల్లను కన్నదని తల్లిని నిందించడానికి శాస్త్రీయమైన ఆధారమేదీ లేదు.