అధ్యక్షుడు విఠల్‌భాయి పటేలు

సర్దారు వల్లభభాయికి అన్నగారైన విఠల్‌భాయి 1925లో కేంద్ర శాసనసభకు అధ్యక్షుడయ్యెను. ఎన్నికచే ఆ పీఠమెక్కిన తొలి భారతీయుడాయనయే. 1929 జనవరిలో సభా కార్యాలయమును ప్రభుత్వశాఖల నుండి వేరుచేయించెను. ఉద్యోగుల కది స్వల్పవిషయము కాదు.

ఆ ఏప్రిల్ 8న, ప్రజారక్షణ బిల్లుపై నిర్ణయము ప్రకటింప ఆయన లేచినంతనే, గ్యాలరీ నుండి భగత్‌సింగు, బటుకేశ్వరదత్తు బాంబులు విసరిరి. సభ పొగతో నిండెను. కొందరు గాయపడిరి; ఎవరును మరణింపలేదు. భయపడిన సభచేత బిల్లును ఆమోదింపజేయుట ప్రభుత్వమునకు సులభమై యుండెడిది. కాని 11వ తేదీన, మీరట్ కుట్రకేసు న్యాయస్థానమున నుండగా దాని ప్రస్తావన లేక ఈ బిల్లును చర్చించుట అసాధ్యమని చెప్పి, ఆయన దానిని నిలిపివేసెను. వైస్రాయి ఇర్విను ఆర్డినెన్సు నాశ్రయింపవలసివచ్చెను.

1930లో పదవిని విడిచి, చెరసాల కేగి, ఆరోగ్యము చెడి, 1933 అక్టోబరు 22న స్విట్జర్లాండులో మరణించెను. అంత్యక్రియలు బొంబాయిలో జరిగెను.