అహేరి యడవులలో బాబూరావు

పాతకాలపు చిన్న యుక్కు పిస్తోలునకు విలువ కట్టవలసివచ్చినపుడు తెలిసినవారు మొదట గొట్టములోని మెలికగాట్లను చూతురు. పిమ్మట తూటాల పెట్టెలోని స్ప్రింగును, పొరపాటున పేలకుండ నాపెడి మీటను పరీక్షింతురు. సరిపడు తూటాలు దొరకునా యని విచారింతురు. బ్రౌనింగు అను అమెరికా నిపుణుడు 1899 ప్రాంతమున రూపొందించిన పిస్తోలు ఈ జాతిలో పేరుపొందినది. ఏడు తూటాలు దాని పిడిలో నిముడును. పేలిన వెంటనే పైభాగము వెనుకకు జరిగి ఖాళీ గుల్లను వెడలద్రోసి, మరలివచ్చుచు క్రొత్త తూటాను గొట్టములోని కెక్కించును. ఇట్టి పనితనము మెచ్చదగినదే. అయినను ఆయుధమునకు మరియొక పరీక్ష కలదని మా యభిప్రాయము. ఆ పరీక్ష యెట్టిదో ప్రాణహితా తీరమందలి అహేరి చరిత్రము మనకు తెలుపుచున్నది.

బ్రౌనింగు పిస్తోలునకు నలువది యేండ్లు ముందటి మాట యిది. నాగపురపు భోంస్లే రాజ్యము 1854లో కుంపిణీ వశమయ్యెను; దానితో చాందా మండలమును చేతులు మారెను. మోలంపల్లి జమీందారగు గోండు వీరుడు బాబూరావు శేడ్మాకే 1833లో జన్మించినవాడు. 1858 తొలినెలలలో నాతడు రాజగఢ్ పరగణాను కొల్లగొట్టి బాహాటముగా తిరుగబడెను. అర్పల్లి, ఘోట్ పరగణాల జమీందారు వెంకటరావు ఆతనితో చేతులు కలిపెను. గోండులును రోహిలాలును దండుగా కూడిరి. చాందా డిప్యూటీ కమిషనరు కాప్టెన్ క్రైటన్ వారి నెదిరింప బయలుదేరెను. ఆనాటి తుపాకులకు మందును గుండును మూతినుండి దట్టింపవలెను. ఒకమారు పేల్చిన పిమ్మట మరల నింపువరకు నది వట్టి కర్రయే. అడవిదారు లెరిగినవారికి ఆ వ్యవధియే పెద్ద యండ.

ఏప్రిల్ 29వ తేదీ రాత్రి ప్రాణహిత యొడ్డున చించ్‌గుండివద్ద విడిసియున్న తంతిశాఖవారిపై దండు పడెను. గార్ట్‌లండు, హాలు అనువారు హతులైరి. పీటరు అనునతడు తప్పించుకొని క్రైటన్‌ను చేరెను. తంతితీగ ఆ కాలమున ప్రభుత్వమునకు ఫిరంగికంటె తక్కువ సాయము చేయలేదు. అయినను తీగలు వేయ వచ్చిన యుద్యోగుల ప్రాణములు తీయుటను మేము పరాక్రమముగా లెక్కింపజాలము.

అంతట క్రైటన్ తుపాకులనే నమ్ముకొని యూరకుండలేదు. అహేరి జమీందారిణి లక్ష్మీబాయి సాయము కోరెను. ఆమె మనుష్యులు జూలైలో భోపాలపట్నమున బాబూరావును పట్టుకొనిరి. కాని కావలియున్న రోహిలాలే చూచియు చూడనట్లుండుటచే నాతడు తప్పించుకొనెను. సెప్టెంబరు 18న మరల చిక్కెను. ఈసారి విడిపించు చేయి లేకపోయెను. చాందాలో అక్టోబరు 21న నాతని నురితీసిరి. అప్పటికి వయస్సు ఇరువదియైదేండ్లు. బస్తరునకు పారిపోయిన వెంకటరావు 1860లో అచ్చటి రాజుచే పట్టువడి యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష నొందెను. అర్పల్లి, ఘోట్ పరగణాలలోని 67 గ్రామములు లక్ష్మీబాయికి బహుమానముగా లభించెను.

లక్ష్మీబాయిని ద్రోహియని యొక్కమాటతో త్రోసివేయుట సులభము. చిన్న జమీందారీలన్నియు పెద్ద ప్రభుత్వపు దయపై బ్రతుకుచుండిన కాలమది. నిరాకరించినచో అహేరికి నేమి మూడియుండెడిదో యూహింపవచ్చును. మేమిట గమనింపగోరున దొక్కటియే. జూలైలో బాబూరావును కాపాడినది గాని, సెప్టెంబరులో పట్టియిచ్చినది గాని తుపాకి కాదు. మొదట కావలివారి మనస్సు, పిదప ఇరుగుపొరుగు జమీందారీల భయమును ఆశయు నాతని గతిని నిర్ణయించెను. ప్రభుత్వము 1878లో ఆయుధముల చట్టము చేసి ప్రజల చేతులలోని తుపాకులకు లైసెన్సు విధించెను. అంతకు ఇరువదియేండ్ల ముందే, అరువదియేడు గ్రామముల నిచ్చి, తుపాకి సాధింపని పనిని సాధించుకొని యుండెను.

బాబూరావు పేర 2009లో భారత తపాలాశాఖ బిళ్ల వెలువరించెను. ఆ గౌరవము తగినదే. ఆతని వంటి వారిని స్మరించునపుడు వారు పట్టిన ఆయుధములనే కాక, వారి ప్రక్కన నిలిచినవారిని, నిలువనివారిని గూడ లెక్కింపవలెను. పాత పిస్తోలు గొట్టమును, స్ప్రింగును పరీక్షించుట యొకగంట పని. తోడివారి మనస్సు నెరుగుటకు బాబూరావునకు చాలినంత కాలము దొరకలేదు.