కార్మిక బంధువు వి.వి. గిరి

రాజ్యాలను నడిపేవారు రాజులు, మంత్రులు, సేనాపతులు అని పాత కథలలో చదువుకొంటాం. ఆధునిక కాలంలో రాజకీయాల తీరు వేరు. యుద్ధం వస్తే ధరలు పెరుగుతాయి. ధరలు పెరిగితే కూలి చాలదు. కూలి చాలనివారు ఒకచోట చేరి, తమకు రావలసినది అడుగుతారు. పదిమంది అడిగితే అది విన్నపం; లక్షమంది అడిగితే అది ఉద్యమం. ఉద్యమాలు చట్టాలను మారుస్తాయి, ప్రభుత్వాలనే మారుస్తాయి. ఈ మార్పును కళ్ళారా చూసి, అందులో తానూ పాల్గొని, చివరకు భారత రాష్ట్రపతి పదవిని అలంకరించిన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి. వి.వి. గిరిగా ఆయన లోకానికి పరిచితులు.

గిరి 1894 ఆగస్టు 10వ తేదీన గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. తల్లి సుభద్రమ్మ. తల్లిదండ్రులిద్దరూ తరువాతి కాలంలో జాతీయోద్యమంలో పాల్గొన్నారు. గిరి పుట్టేనాటికి బరంపురం మద్రాసు రాజధానిలో ఉండేది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం ప్రాంతంతోపాటు ఆ పట్టణం కూడా అందులో చేరింది. తెలుగూ ఒడియా పక్కపక్కనే వినిపించే ఆ వీధులలో గిరి పెరిగారు. అక్కడి ఖల్లికోట కళాశాలలో చదువుకొన్నారు.

తండ్రి దారిలోనే న్యాయవాది కావాలని 1913లో గిరి ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు వెళ్ళారు. అప్పటికి ఐర్లండు కూడా మనలాగే బ్రిటిషు పాలనలో ఉంది. ఆయన వెళ్ళిన ఏడాదే డబ్లిన్‌లో ఒక పెద్ద పోరాటం మొదలైంది. జేమ్స్ లార్కిన్, జేమ్స్ కోనలీ అనే నాయకులు రేవు కూలీలను, బండ్లు తోలేవారిని, ట్రాము కార్మికులను ఒక సంఘంగా కూర్చారు. ఆ సంఘంలో ఉండబోమని సంతకం పెట్టినవారికే పని ఇస్తామని యజమానులు పట్టుపట్టారు. సంతకం పెట్టని వారికి పని పోయింది. సుమారు 20,000 మంది కార్మికులు నెలల తరబడి వీధిన పడ్డారు. వారి కుటుంబాలు పస్తులున్నాయి. 1914 ఆరంభానికి ఆకలికి తాళలేక వారు తిరిగి పనిలోకి వెళ్ళవలసివచ్చింది. పోరాటం ఓడినట్లే కనిపించింది. కాని కార్మికులు కూడగట్టుకొన్న ఐకమత్యం పోలేదు. న్యాయశాస్త్రం చదవడానికి వెళ్ళిన యువకుడికి ఆ నగరమే మరొక పాఠశాల అయింది.

ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆ సంవత్సరంలోనే గిరి లండన్‌లో గాంధీజీని కలుసుకొన్నారు. యుద్ధంలో బ్రిటన్ మునిగి ఉన్న సమయమే తమకు అదను అని ఐర్లండు దేశభక్తులు భావించారు. 1916 ఏప్రిల్ 24న, ఈస్టరు పండుగ మరునాడు, డబ్లిన్‌లో తిరుగుబాటు చేసి స్వతంత్ర ప్రభుత్వాన్ని ప్రకటించారు. ఆరు రోజులలో బ్రిటిషు సైన్యం ఆ తిరుగుబాటును అణచివేసింది. నాయకులను వరుసగా కాల్చి చంపింది. వారిలో కోనలీ ఉన్నారు; గిరి చదివిన కళాశాలలో ఆంగ్లం బోధించిన థామస్ మెక్‌డోనా ఉన్నారు. తిరుగుబాటును ముందు మెచ్చని సామాన్య ప్రజలు కూడా ఈ మరణశిక్షలను చూసి చలించిపోయారు. 1918 ఎన్నికలలో స్వాతంత్ర్యం కోరిన పక్షానికి ఐర్లండులోని 105 స్థానాలలో 73 దక్కాయి. పాలకుల కాఠిన్యమే వారి పాలనకు చేటు తెచ్చింది.

ఆ ఫలితాలు చూడడానికి గిరి అక్కడ లేరు. ఐరిషు ఉద్యమకారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో, 1916 జూలై 1 నాటికి దేశం విడిచి వెళ్ళాలని ప్రభుత్వం ఆయనకు నోటీసు ఇచ్చింది. న్యాయవాదిగా పట్టా అందుకొన్న కొద్ది రోజులకే గిరి స్వదేశానికి బయలుదేరారు.

ఆయన తిరిగి వచ్చిన భారతదేశం ప్రశాంతంగా లేదు. యుద్ధం వలన ధాన్యం, గుడ్డ, కిరసనాయిలు ధరలు పెరిగాయి. జీతాలు అలాగే ఉన్నాయి. మద్రాసులో 1918లో మిల్లు కార్మికులు సంఘం పెట్టుకొన్నారు. దేశంలో క్రమపద్ధతిలో ఏర్పడిన తొలి కార్మిక సంఘాలలో అది ముఖ్యమైనది. 1920లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు ఏర్పడింది. అదే సంవత్సరం గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చారు. గిరి బాగా సాగుతున్న న్యాయవాద వృత్తిని వదలిపెట్టారు. కల్లు, సారా దుకాణాలకు వ్యతిరేకంగా ప్రదర్శన చేసినందుకు 1922లో తొలిసారి జైలుకు వెళ్ళారు.

బరంపురం మీదుగా పోయే రైలుదారి ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీది. దాని పెద్ద కర్మాగారం ఖరగ్‌పూర్‌లో ఉండేది. మన తీరప్రాంతాల నుంచి వెళ్ళిన తెలుగు కుటుంబాలు వేల సంఖ్యలో అక్కడ స్థిరపడ్డాయి. పట్టాలు సరిచేసేవారు, బొగ్గు వేసేవారు, ఇంజన్లు బాగుచేసేవారు ఎండనక వాననక పనిచేసేవారు. వారి కష్టం ఎవరికీ పట్టేది కాదు. గిరి వారికి సంఘం కట్టి ఇచ్చారు. దేశంలోని రైల్వే సంఘాలన్నీ ఒక్కటిగా నిలవాలని అఖిల భారత రైల్వే ఉద్యోగుల సమాఖ్య స్థాపనలో ముందు నిలిచారు. 1926లో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. ఆ సంవత్సరమే కార్మిక సంఘాలకు గుర్తింపునిచ్చే చట్టం వచ్చింది.

1920ల చివరలో రైల్వే కంపెనీ ఖర్చు తగ్గించుకోవాలని ఖరగ్‌పూర్‌లో కార్మికులను తొలగించసాగింది. పని పోతే క్వార్టరు పోతుంది. క్వార్టరు పోతే పరాయి ఊరిలో నిలువ నీడ ఉండదు. కార్మికులు సమ్మెకు దిగారు. గిరి వారికి నాయకత్వం వహించారు. ఎవరూ చేయి ఎత్తరాదు, ఎవరూ ఆస్తికి నష్టం చేయరాదు అన్నది ఆయన పెట్టిన నియమం. ఆ క్రమశిక్షణకు యాజమాన్యమూ ప్రభుత్వమూ దిగివచ్చి, కార్మికుల కోరికలను ఆలకించవలసివచ్చింది.

ఈ అనుభవం నుంచి గిరి ఒక నిశ్చయానికి వచ్చారు. సమ్మె కార్మికుడి హక్కు; అయితే అది చివరి ఆయుధం. అంతకుముందు యజమాని, కార్మికుడు సమాన హోదాలో ఒక బల్ల దగ్గర కూర్చోవాలి. లాభనష్టాల లెక్కలు ముందు పెట్టుకొని మాట్లాడుకోవాలి. బయటివారు చెప్పిన తీర్పు ఒకరికి గెలుపు, మరొకరికి ఓటమి అవుతుంది. తాము చేసుకొన్న ఒప్పందాన్ని ఇద్దరూ నిలుపుకొంటారు. జీవితాంతం ఆయన ఈ మాటకే కట్టుబడ్డారు. తరువాతి కాలంలో దీనినే గిరి విధానం అన్నారు. ఈ మెత్తని దారి అందరికీ నచ్చలేదు. 1929లో నాగపూరులో జరిగిన మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు రెండుగా చీలింది. గిరి, ఎన్.ఎం. జోషి మొదలైనవారు వేరే సమాఖ్య పెట్టుకొన్నారు. 1931లో లండన్‌లో జరిగిన రెండవ రౌండ్ టేబుల్ సమావేశానికి గిరి కార్మికుల ప్రతినిధిగా వెళ్ళారు.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థికమాంద్యం మన పల్లెలను కూడా తాకింది. పంట ధరలు పడిపోయాయి. శిస్తులు, అప్పులు మాత్రం తగ్గలేదు. రైతులలో అసంతృప్తి పెరిగింది. 1937లో మద్రాసు శాసనసభకు ఎన్నికలు వచ్చినప్పుడు దాని ఫలితం కనిపించింది. గిరి బొబ్బిలిలో పోటీచేశారు. ఎదుట నిలిచినవారు సాక్షాత్తు బొబ్బిలి రాజా. అంతకుముందు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న జస్టిస్ పార్టీ నాయకులు. రాజావారి సొంతగడ్డ మీద కార్మిక నాయకుడు గెలిచాడు. 215 స్థానాలలో 159 కాంగ్రెసు గెలుచుకొంది. రాజగోపాలాచారి మంత్రివర్గంలో గిరి కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు.

రెండేళ్ళు గడిచాయి. 1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. భారతీయులను ఒక్క మాట అడగకుండానే బ్రిటిషు ప్రభుత్వం మన దేశాన్ని యుద్ధంలోకి దించింది. నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మంత్రి పదవి వదిలిన గిరి జైలుకు వెళ్ళారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో మరల నిర్బంధింపబడి 1945లో విడుదలయ్యారు. 1946లో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గంలో మరల కార్మిక మంత్రి అయ్యారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత సిలోనులో మన దేశపు తొలి హైకమిషనరుగా పనిచేశారు.

1952లో గిరి పాతపట్నం నుంచి లోకసభకు ఎన్నికై, నెహ్రూ ప్రభుత్వంలో కార్మిక మంత్రి అయ్యారు. అక్కడ ఆయనకు ఒక పరీక్ష ఎదురైంది. బ్యాంకు ఉద్యోగుల జీతాల తగాదాపై 1954లో ట్రిబ్యునలు తీర్పు చెప్పింది. బ్యాంకులు అంత భారం మోయలేవని ప్రభుత్వం ఆ తీర్పును సవరించి, ఉద్యోగులకు రావలసిన దానిని తగ్గించింది. తగాదాలను తీర్పులకు వదలడం గిరికి ఇష్టంలేని పని. అయినా తీర్పు వచ్చిన తరువాత ప్రభుత్వమే దానిని మార్చితే కార్మికుడు ఇక ఎవరిని నమ్ముతాడు? మంత్రిగా ఉండి తాను నమ్మనిదానిని సమర్థించలేక గిరి రాజీనామా చేశారు.

1957 ఎన్నికలలో ఓడిన తరువాత ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా పనిచేశారు. 1967లో ఉపరాష్ట్రపతి అయ్యారు. అది దేశానికి కష్టకాలం. 1962లో, 1965లో రెండు యుద్ధాలు జరిగాయి. 1965-66లో వానలు కురియక కరవు వచ్చింది. 1966లో రూపాయి విలువ తగ్గించారు. ధరలు మండిపోయాయి. 1967 ఎన్నికలలో మద్రాసు, ఒరిస్సా, కేరళతో సహా పలు రాష్ట్రాలలో కాంగ్రెసుకు అధికారం దక్కలేదు. ఏ దారిన పోవాలన్న విషయంలో ఆ పార్టీలోనే తగవు పుట్టింది.

1969 మే నెలలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ మరణించారు. గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జూలై 19న 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసే ఆర్డినెన్సుపై సంతకం చేశారు. బ్యాంకు ఉద్యోగుల కోసం ఒకనాడు పదవి వదులుకొన్నవారి చేతి మీదుగానే ఆ పని జరిగింది. మరునాడే పదవికి రాజీనామా చేసి, స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. కాంగ్రెసు అధికార అభ్యర్థి మరొక తెలుగు నాయకులు నీలం సంజీవరెడ్డి. అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయవచ్చునని ప్రధాని ఇందిరాగాంధీ తన పార్టీవారికి సూచించారు. తొలి లెక్కింపులో ఎవరికీ కావలసినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్య ఓట్లు కూడా లెక్కించగా గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427 ఓట్లు వచ్చాయి. కొద్ది నెలలకే కాంగ్రెసు పార్టీ రెండుగా చీలిపోయింది.

రాష్ట్రపతిగా గిరి కాలం కూడా ఒడుదుడుకులతోనే గడిచింది. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధం జరిగింది. దాదాపు కోటిమంది శరణార్థులను దేశం పోషించవలసివచ్చింది. తరువాత కరవు, 1973లో పెట్రోలు ధరల పెరుగుదల తోడయ్యాయి. 1974 మే 8న దేశమంతటా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. సమ్మెకు నాయకుడైన జార్జి ఫెర్నాండెజ్ అప్పుడు అధ్యక్షత వహిస్తున్న సమాఖ్య, గిరి స్థాపించినవారిలో ఒకరైన సమాఖ్యే. ప్రభుత్వం వేలాదిమందిని అరెస్టు చేసి, ఇరవై రోజులలో సమ్మెను అణచివేసింది. మంత్రివర్గం సలహా ప్రకారం నడచుకొనడం రాష్ట్రపతి విధి. ఖరగ్‌పూర్ కార్మికుల ముందు నడిచిన నాయకుడు ఆ రోజులలో రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. ఒక మనిషి జీవితంలో ఉద్యమమూ అధికారమూ ఇలా ఎదురెదురుగా నిలవడం అరుదు. పెద్ద పదవిలో ఉన్నవారి చేతులకు కూడా హద్దులుంటాయని ఈ సంఘటన తెలుపుతుంది.

1974 ఆగస్టులో గిరి పదవీ విరమణ చేశారు. 1975లో ప్రభుత్వం ఆయనకు భారతరత్న బిరుదునిచ్చి గౌరవించింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూశారు. కార్మిక సమస్యలను పరిశోధించే జాతీయ సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు.

డబ్లిన్ వీధులలో పస్తులున్న కార్మికులు, ఖరగ్‌పూర్‌లో పని పోయిన రైల్వేవారు, బొబ్బిలిలో ఓటు వేసిన రైతులు — చరిత్ర పుస్తకాలలో వీరి పేర్లుండవు. అయినా వీరి కష్టం, వీరి ఐకమత్యం ప్రభుత్వాలను కదిలించాయి. బరంపురంలో పుట్టిన ఒక తెలుగు బాలుడు వీరివలన నాయకుడయ్యాడు. తనను నాయకుణ్ణి చేసినవారి కోసం చేతిలోని మంత్రి పదవిని వదులుకోవడానికి ఆయన వెనుదీయలేదు. గిరి జీవితంలో మనం ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఇదే.