వెలుగు దారి: జిమ్ థార్ప్

హాస్టల్ పిల్లలకు ఆటల గురించి చెప్పేటప్పుడు మేము తప్పక తలచుకునే పేరు జిమ్ థార్ప్. ఆయన అమెరికా ఆదివాసీ బిడ్డ. 1887లో, నేటి ఓక్లహామా ప్రాంతంలో, సాక్ అండ్ ఫాక్స్ తెగలో పుట్టారు. తెగ భాషలో ఆయన పేరు వా థో హుక్. వెలుగు పడిన దారి అని అర్థం. కవల సోదరుడు చిన్నతనంలోనే చనిపోయాడు. తర్వాత తల్లి, తండ్రి కూడా దూరమయ్యారు.

చదువు కోసం పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఆశ్రమ పాఠశాలకు వెళ్లారు. ప్రభుత్వం 1879లో తెరిచిన ఆ బడిలో పిల్లల జుట్టు కత్తిరించేవారు, సొంత భాష మాట్లాడనిచ్చేవారు కాదు. పిల్లలలోని ఆదివాసీతనాన్ని చెరిపేయడమే దాని ఉద్దేశం. హాస్టల్ నడిపే మాకు ఈ సంగతి గుండె బరువెక్కిస్తుంది. చదువు చెప్పడానికి బిడ్డ భాషను లాక్కోనక్కర్లేదు కదా!

ఆ బడి మైదానంలోనే థార్ప్ ఎదిగారు. 1911లో అమెరికన్ ఫుట్‌బాల్‌లో కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని 18-15తో ఓడించింది. కోలగా ఉండే బంతిని చేత పట్టి పరుగెత్తే ఆట అది. ఆనాటి పాయింట్లలో ఎక్కువ భాగం థార్ప్‌వే. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఐదు పోటీల పెంటాథ్లాన్, పది పోటీల డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. డెకాథ్లాన్‌లో రెండో స్థానానికీ ఆయనకూ తేడా దాదాపు 700 పాయింట్లు.

మరుసటి ఏడాదే ఆ పతకాలు లాక్కున్నారు. అంతకుముందు సెలవుల్లో కొద్దిపాటి డబ్బుకు బేస్‌బాల్ ఆడారన్నది కారణం. అలా ఆడిన కాలేజీ కుర్రాళ్లు చాలామంది దొంగపేర్లు పెట్టుకునేవారు. థార్ప్ సొంత పేరుతో ఆడారు, అందుకే దొరికిపోయారు.

తర్వాత ఆయన కాంటన్ బుల్‌డాగ్స్ జట్టులో ఆడారు. నేటి ఎన్ఎఫ్ఎల్ 1920లో మొదలైనప్పుడు దాని తొలి అధ్యక్షుడు ఆయనే. 1922, 1923లో ఒహాయోలోని లారూ అనే చిన్న ఊరి నుంచి ఊరాంగ్ ఇండియన్స్ జట్టును నడిపించారు. ఆటగాళ్లంతా ఆదివాసీలే. యజమాని కుక్కల వ్యాపారి. ఆట విరామంలో ఆటగాళ్లు విశ్రాంతి తీసుకోవడానికి లేదు. గొడ్డళ్లు విసరాలి, నృత్యాలు చేయాలి, కుక్కల ప్రదర్శనలో పాల్గొనాలి. ఆడిన 20 ఆటల్లో గెలిచినవి 4. వారి ఆట కన్నా వారి వేషమే ఎక్కువ అమ్ముడుపోయింది.

థార్ప్ 1953లో పేదరికంలో కన్నుమూశారు. పతకాలపై అభ్యంతరం 30 రోజుల్లోగా చెప్పాలని 1912 నాటి నిబంధనల పుస్తకంలోనే ఉంది. అభ్యంతరం వచ్చింది మాత్రం ఆరు నెలల తర్వాత. ఆ పేజీ వెతికి తీశాక, 1982లో ఆయనను ఉమ్మడి విజేతగా ఒప్పుకున్నారు. ఏకైక విజేతగా ప్రకటించింది 2022లో.

యువతీ యువకులారా, మన పాట, మన ఆట నలుగురి ముందు పెడదాం, కానీ మన ఇష్టంతో, మన గౌరవంతో. సొంత పేరు దాచుకోవద్దు. ఎవరైనా నిబంధన పేరు చెప్పి మీ హక్కు తీసుకుంటే, ఆ కాగితం చూపించమని వెంటనే అడగండి. థార్ప్ తరఫున ఆ కాగితం తెరిచేసరికి ఆయన లేరు.