అందరికీ అమ్మ జిల్లెళ్ళమూడి అనసూయాదేవి

మీ ఇంటి పెద్దలను తలచుకున్నప్పుడు ముందుగా మదిలో మెదిలేదేమిటి? ఎందరు వచ్చినా విసుగెరుగక వడ్డించిన నాయనమ్మ చేయి కాదా! మన కొత్తపట్నం తీరానికి ఉత్తరాన, బాపట్ల సమీపంలోని ఒక పల్లెలో, ఆ వడ్డించే చేతిని లోకమంతటికీ చాచిన తల్లి ఒకరు నడయాడారు. ఆమే జిల్లెళ్ళమూడి అమ్మ, అనసూయాదేవి.

1923 మార్చి 28న గుంటూరు జిల్లా మన్నవలో సీతాపతిశర్మ, రంగమ్మ దంపతులకు ఆమె జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. ఆ బిడ్డే ఎందరికో తల్లి కావడం దైవలీల. 1936 మే 5న బ్రహ్మాండం నాగేశ్వరరావు గారితో వివాహమైంది. ఆయన జిల్లెళ్ళమూడి కరణం. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె.

పల్లెలో పేదల ఆకలి ఆమెను కలచివేసింది. వంటకు బియ్యం తీసేటప్పుడు ప్రతి ఇల్లాలూ పిడికెడు విడిగా దాచి, లేనివారికి ఇవ్వాలన్నది ఆమె చూపిన దారి. దర్శనానికి వచ్చినవారికి తానే వండి వడ్డించేవారు. వచ్చేవారు పెరగగా 1958 ఆగస్టు 15న అన్నపూర్ణాలయం వెలసింది. అక్కడ కులమడగలేదు, మతమడగలేదు. ఆచారం గట్టిగా పాటించే ఆనాటి బ్రాహ్మణ గృహంలో అది సామాన్యమైన సాహసం కాదు. మనుమలున్న వృద్ధులు సైతం ఆమెను అమ్మా అనే పిలిచారు. ఆ ఇంటికి 'అందరిల్లు' అన్న పేరు అలా సార్థకమైంది.

1971లో అక్కడ సంస్కృత విద్యకు కళాశాల ఏర్పడింది. 1973 స్వర్ణోత్సవంలో లక్షమందికి పైగా ఒక్కచోట భోజనం చేశారు.

దుఃఖం ఆమెను విడువలేదు. 1968లో కుమార్తె హైమ యౌవనంలోనే కన్నుమూసింది. 1981లో భర్త కాలధర్మం చెందారు. అయినా పరుల బిడ్డలకు పెట్టే చేయి ముడుచుకోలేదు. 1985 జూన్ 12న అమ్మ దేహం చాలించారు. అన్నపూర్ణాలయంలో పొయ్యి మాత్రం నేటికీ ఆరలేదు.

అన్నమే బ్రహ్మమని తైత్తిరీయోపనిషత్తు బోధించింది. మనం దానిని పారాయణ చేస్తాం. ఆమె దానిని విస్తరిలో వడ్డించారు. పెద్దలను ఏటా తిథినాడు తలచుకోవడం మన ధర్మమే. రేపు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు పక్కన పెట్టండి. మీ ఇంటి నాయనమ్మకూ, ఆ అమ్మకూ అంతకు మించిన నివాళి లేదు.