ధ్వనిశిల్పి పియేర్ షేఫెర్

రైలుబండి చప్పుడు ఎరుగనివారు లేరు. యంత్రము విడుచు ఆవిరి నిట్టూర్పు, పట్టాల అతుకులపై చక్రములు వేయు తాళము, దూరమున సన్నగిల్లిపోవు కూత - ఇవియన్నియు మన చెవిని సోకినవే. కాని మనము వానిని విన్నామని చెప్పుటకు వీలులేదు. కూత వినబడగనే బండి వచ్చినదని మూటాముల్లె సర్దుకొందుము. మన తలంపు బండిమీదనే గాని కూతమీద నిలువదు. 1948వ సంవత్సరము మే నెలలో ఒక ఫ్రెంచి రేడియో ఇంజనీరు శబ్దమును పట్టు యంత్రములతో పారిస్ నగరమందలి బాతిన్యోల్ స్టేషనుకు పోయెను. ఆయన బండి యెక్కుటకు పోలేదు. కూతను కూతగా వినుటకు పోయెను. ఆ దినమున పట్టి తెచ్చిన చప్పుళ్ళనుండి ఇరువదవ శతాబ్దపు సంగీతమున ఒక క్రొత్త శాఖ పుట్టినది. ఆ ఇంజనీరు పేరు పియేర్ షేఫెర్. ఆ శాఖను నాటినవాడు ఆయనయే. ముదిమిలో దాని ఫలమును శంకించినవాడును ఆయనయే.

షేఫెర్ 1910 ఆగస్టు 14వ తేదీన తూర్పు ఫ్రాన్సులోని నాన్సీ పట్టణమున జన్మించెను. తండ్రి వయొలిన్ విద్వాంసుడు, తల్లి గాయని. ఇంట సంగీతము నిత్యకృత్యమైనను కుమారుడు మాత్రము లెక్కల దారి పట్టెను. 1929లో పారిస్‌లోని సుప్రసిద్ధమైన ఎకోల్ పోలిటెక్నిక్‌లో చేరి, పిదప విద్యుచ్ఛాస్త్రమును, తంతి టెలిఫోను విద్యను అభ్యసించెను. 1934లో స్ట్రాస్‌బూర్ నగరమున టెలిఫోను శాఖలో ఉద్యోగము దొరకెను. రెండేండ్లకు పారిస్ రేడియోకు మారెను. సాహిత్యమునందును ఆయనకు మక్కువ మెండు. 1938లో క్లోటేర్ నికోల్ అను నవలను ప్రకటించెను. ఇంజనీరు, రచయిత, సంగీతప్రియుడు - ఈ ముగ్గురును ఒక్క మనిషిలో కాపురము చేసిరి. వారిలో నెవ్వరును తక్కినవారికి లోబడి యుండలేదు.

1940లో ఫ్రాన్సు జర్మనీకి లొంగిపోయెను. ఆ యేడు విషీ ప్రభుత్వపు అండతో జ్యోన్ ఫ్రాన్స్ అను యువజన కళాసంస్థను షేఫెర్ నెలకొల్పెను. రెండేండ్లలో అది మూతపడెను. పిమ్మట 1942లో పారిస్ రేడియోలో స్టుడియో దెసే అను ప్రయోగశాలను స్థాపించెను. నాటకమునకు, కవితకు, శబ్దమునకు మైక్రోఫోను ఏ మేరకు ఉపకరించునో పరీక్షించుట దాని పని. ఆ గోడల చాటున ప్రతిఘటనోద్యమమును చోటు చేసికొనెను. 1944 ఆగస్టులో పారిస్ ప్రజలు తిరుగబడినప్పుడు స్వేచ్ఛా రేడియో గొంతు విప్పినది ఆ ప్రయోగశాల వారి చేతిమీదుగనే. 24వ తేదీ రాత్రి లెక్లేర్ సేనాని తొలి దళము నగరము ప్రవేశించినదని తెలియగనే, చర్చి గంటలన్నియు మ్రోగింపవలసినదిగా షేఫెర్ రేడియోలో మతగురువులను వేడుకొనెను. ఒకదాని వెంట నొకటిగా గంటలు మ్రోగినవి. ఆ రాత్రి గంట యనగా విముక్తి. అది ఏ స్వరమున మ్రోగినదని విచారించినవా రుండరు.

నాలుగేండ్ల తరువాత షేఫెర్ గంటనాదమునుండి అట్టి అర్థమునే తొలగింపజూచెను. అది జరిగిన విధము తెలిసికొనదగినది.

1948 తొలి మాసములలో చప్పుళ్ళతోనే ఒక సింఫనీ కట్టవలెనని ఆయనకు కోరిక పుట్టెను. రేడియో నాటకములకు చప్పుళ్ళు కల్పించు విభాగమునుండి కొబ్బరిచిప్పలు, మోటారు హారన్లు, సైకిలు పంపులు మున్నగునవి పోగుచేసెను. కాని పని సాగలేదు. హారనును ఎన్ని విధముల మ్రోగించినను మోటారునే జ్ఞప్తికి తెచ్చుచుండెను. వస్తువు తన కథను తాను చెప్పుకొనునే గాని సంగీతమునకు లొంగదయ్యెను. ఆ చిక్కులో నుండగా రెండు సంగతులు ఆయన కంటబడినవి.

ఆ కాలమున రేడియోవారు శబ్దమును పళ్ళెములపై గాడిగా చెక్కి భద్రపరచెడివారు. గాడి చుట్టలు చుట్టుకొనుచు లోపలికి సాగును. ఆ గాడిని ఒక చుట్టుతో మూసివేసినచో ముల్లు ముందుకు పోలేక అచ్చటనే తిరుగుచుండును. క్షణకాలపు చప్పుడు మరల మరల వినబడును. గీతపడిన గ్రామఫోను పళ్ళెము ఒకే ముక్కను వల్లెవేయగా మన ఇండ్లలో విసుగుకొని ముల్లు ఎత్తివేసెడివారము. షేఫెర్ ఎత్తివేయక వినుచు కూర్చుండెను. పదిసార్లు విన్న పిదప ఆ చప్పుడు దేనిదో మనసు మరచిపోవును. దాని హెచ్చుతగ్గులు, మెరుగు, గరుకుదనము మాత్రమే చెవిలో నిలుచును.

రెండవది గంట. గంటను కొట్టిన తరుణమున శబ్దము లోనికి రాకుండ మీట మూసి, దెబ్బ గడచిన వెంటనే తెరచి, క్షీణించు నాదమును సమముగా నుండునట్లు హెచ్చించుచు ఆయన పళ్ళెముపై పట్టెను. మరల వినిపింపగా అది గంట కాదు. పాశ్చాత్యుల ఓబో వాద్యమువలె వినబడెను. ఓబో యనునది మన సన్నాయి జాతిదే. కంచులోహపు గంట యెక్కడ, ఊదెడి సన్నాయి యెక్కడ! దీనివలన ఒక రహస్యము బయటపడినది. ఏ వాద్యము మ్రోగుచున్నదో చెవి గుర్తుపట్టుటకు తొలి తాకుడు మిగుల ముఖ్యము. దానిని కోసివేసినచో నాదము తన పుట్టిల్లు మరచిపోవును. కారణమునుండి విడివడిన అట్టి నాదమును శిల్పి రాతినివలె చేతబట్టి చెక్కవచ్చునని షేఫెర్ గ్రహించెను.

బాతిన్యోల్ స్టేషనులో ఆయనకు 6 ఆవిరియంత్రములు లభించినవి. డ్రైవర్లను బ్రతిమాలి కూతలు వేయించుకొనెను. తెచ్చిన చప్పుళ్ళను పేర్చిచూడగా అవి ప్రయాణకథగా తయారయ్యెను. అందుచేత ముక్కలను త్రుంచి, తిరుగవేసి, ఒకదానిపై నొకటి చేర్చి, బండి మరుగై లయ నిలుచునట్లు పాటుపడెను. అట్లు పుట్టిన రైలుబండ్ల అధ్యయనము సుమారు 3 నిమిషముల రచన. దానితో బాటు మరి నాలుగు రచనలు సిద్ధమయ్యెను. రెండింటికి పియానో మీటినవాడు అప్పటికి 23 ఏండ్ల యువకుడైన పియేర్ బూలెజ్. మరియొకదానిలో వంటపాత్రలు, కాలువపడవ, మనుష్యుల గొంతులు కలవు. 1948 అక్టోబరు 5వ తేదీన ఈ ఐదింటిని ఫ్రెంచి రేడియో చప్పుళ్ళ కచేరీ అను పేర ప్రసారము చేసెను.

వంటపాత్ర సంగీతమగునా యని నవ్విన శ్రోతలుందురు. మట్టికుండను ఘటమని పిలిచి కచేరీలో కూర్చుండబెట్టిన మనకు ఆ నవ్వు తగదు. అయితే భేదమొకటి కలదు. ఘటమునకు వాయించు విద్వాంసుని చేయి కలదు. షేఫెర్ పాత్రకు అట్టి చేయి లేదు. విద్వత్తంతయు చప్పుడు పట్టుబడిన తరువాత, దానిని కోయుటయందును కూర్చుటయందును చూపవలసియుండెను.

ఈ పద్ధతికి ఆయన మ్యూజిక్ కాంక్రీట్ అని పేరిడెను, మూర్తసంగీత మనవచ్చును. మామూలు స్వరకర్త మనసులోని భావమును లిపిలో వ్రాయగా అది వాద్యములపై నాదమగును. ఇక్కడ నాదము ముందు చేతికి వచ్చును; రూపము పిదప ఏర్పడును. శబ్దగ్రహణ యంత్రముతో ఇట్టి యత్నము చేసినవాడు ఈయన యొక్కడే కాడు. 1944లోనే కైరోలో హలీమ్ ఎల్-దబ్ అను ఈజిప్షియను తీగెపై పట్టిన శబ్దములతో ఒక రచన చేసియుండెను. అయినను దానికి పేరును, శాస్త్రమును, సంస్థను కల్పించిన ఘనత షేఫెర్‌దే.

1949లో పియేర్ ఆన్రీ అను యువ సంగీతజ్ఞుడు ఆయనతో చేరెను. ఊపిరి, అడుగుల సవ్వడి, మాటల తునుకలు, ఈల మొదలగువానితో ఇరువురును ఒంటరి మానవుని సింఫనీ అను రచన కట్టిరి. 1950 మార్చి 18వ తేదీన పారిస్‌లోని ఎకోల్ నార్మల్ ద మ్యూజిక్‌లో దానిని ప్రజలకు వినిపించిరి. వేదికపై గాయకుడు లేడు, వాద్యగాడు లేడు; పళ్ళెములు త్రిప్పు యంత్రములును, శబ్దము వెలువరించు పెట్టెలును మాత్రము కలవు. 1955లో మోరిస్ బెజార్ ఆ సంగీతమునకు నృత్యము కూర్చెను. 1951లో అయస్కాంతపు టేపు వచ్చిన పిమ్మట కత్తెరయు అతుకును స్వరకర్త పనిముట్లయ్యెను. ఇంజనీరు జాక్ పూలాన్ తోడ్పాటుతో, 12 మీటలతో టేపు వేగమును మార్చి స్థాయి హెచ్చించుటకును తగ్గించుటకును వీలైన ఫోనోజేన్ అను యంత్రము తయారయ్యెను. మెస్సియాన్, స్టాక్‌హౌజెన్, వారేజ్, జెనాకిస్ వంటివారు ఆ స్టుడియోలో పనిచేసిరి.

కీర్తితో బాటు కష్టములును వచ్చినవి. బూలెజ్ విముఖుడై కఠినముగా విమర్శించెను. విద్యుద్యంత్రములనుండియే స్వచ్ఛనాదము పుట్టింపవలెనను జర్మనీలోని కొలోన్ పక్షమువారు ఈ పద్ధతిని ఈసడించిరి. 1953 అక్టోబరులో జర్మనీలోని డోనౌఎషింగెన్ ఉత్సవమున షేఫెర్, ఆన్రీల ఓర్ఫే సంగీతరూపకమునకు సభలో పెనుగోల చెలరేగెను. ఆ పిమ్మట కొన్నేండ్లు షేఫెర్ ఆఫ్రికాలోని ఫ్రెంచి పాలిత దేశములకు రేడియో కేంద్రములు ఏర్పరచు పనిలో మునిగెను. తిరిగి వచ్చిన తరువాత 1958లో ఆన్రీ ఆయనను విడిచి వెడలిపోయెను. 1960లో ఫ్రెంచి రేడియో పరిశోధనశాఖ షేఫెర్ చేతికి వచ్చెను. 1974 చివర ఆ ప్రసారసంస్థ రద్దగువరకు దానిని ఆయనయే నడిపెను.

1966లో వెలువడిన సంగీతవస్తువులను గూర్చిన బృహద్గ్రంథము ఆయన తపఃఫలము. పైథాగొరాస్ తెరవెనుక నుండి బోధింపగా శిష్యులు ముఖము చూడక మాటనే వినిరని గ్రీకుల ఐతిహ్యము. రేడియోయు, పళ్ళెమును మనకు అట్టి తెరయే యని షేఫెర్ వాదము. ఎవరు చేసిరి, ఏమి సూచించును అను ప్రశ్నలను ప్రక్కనబెట్టి, నాదమును నాదముగా వినుటయే శ్రోత సాధన. తంబుర శ్రుతిలో లీనమైనవానికి ఈ మాట క్రొత్త కాదు. క్రొత్తదనమెల్ల లోకములోని ప్రతి చప్పుడునకును ఆ గౌరవమును కల్పించుటలోనే కలదు.

కాని ఆయనకు తృప్తి కలుగలేదు. 1979లో రచించిన బిలూడ్‌లో బాఖ్ పియానో రచనయొకటి యంత్రపు చప్పుళ్ళతో సంవాదము చేయును; ఆయన మనసు పుట్టింటి సంగీతమువైపు మళ్ళినదనుటకు అది గురుతు. 1986లో ఒక ఆంగ్ల సంగీతజ్ఞునితో ముచ్చటించుచు, డో-రే-మీ యను స్వరసోపానమునకు వెలుపల సంగీతము లేదని గ్రహించుటకు తనకు నలుబది యేండ్లు పట్టినదనియు, తన జీవితము వ్యర్థమైనదనియు ఆయన ఒప్పుకొనెను. లోకము తనను గురువని కొనియాడుచుండగా తన కృషిని తానే త్రోసిపుచ్చుటకు ధైర్యము కావలెను. 1995 ఆగస్టు 19వ తేదీన ఎక్స్-ఆన్-ప్రొవాన్స్ సమీపమున షేఫెర్ కన్నుమూసెను.

ఆ తీర్పును మనము అంగీకరింపవలెనా? వయొలిన్ విద్వాంసుని కుమారుడు తన్ను తాను తండ్రి కొలబద్దతో కొలుచుకొనెను. బాఖ్ ప్రక్కన రైలుకూత నిలువదనుట సత్యమే కావచ్చును. కాని నేడు కంప్యూటరు ముందు కూర్చుండిన కుర్రవాడు వీథిలోని చప్పుడు నొకదానిని పట్టి, కోసి, తలక్రిందుచేసి పాటలో పొదుగుచున్నాడు. షేఫెర్ పేరు అతనికి తెలియకపోవచ్చును. చేయునది మాత్రము షేఫెర్ పనియే. అంతకు మించినది చెవికి కలిగిన మేలు. 1944లో గంట మ్రోగినప్పుడు పారిస్ ప్రజలు విముక్తిని వినిరి. 1948లో షేఫెర్ గంటనే వినెను. ఆ రెండు వినికిడులును మనిషికి అవసరమే. మొదటిది మనకు పుట్టుకతో వచ్చినది. రెండవది ఆయన నేర్పిపోయినది.