ఆర్యభటుడు – ఎదురెదురు ప్రయాణాల లెక్క

ఆర్యభటుడు క్రీ.శ. 476లో జన్మించాడు. ఆయన అశ్మక దేశస్థుడని ప్రాచీన వ్యాఖ్యాతలు రాశారు. ఆయన విద్యకు ఆదరణ దొరికింది మాత్రం కుసుమపురంలో. అదే పాటలీపుత్రమని, అంటే నేటి పాట్నా అని వ్యాఖ్యాత భాస్కరుడు చెప్పాడు.

499లో, 23 ఏళ్ల వయసులో ఆయన ‘ఆర్యభటీయం’ రచించాడు. గణితం, కాలగణన, ఖగోళం అన్నీ కలిపి 121 శ్లోకాలే. అందులో గణితపాదం 30వ శ్లోకం సమీకరణం గురించి. తెలియని రాశిని ఆయన ‘గులిక’ అన్నాడు. 31వ శ్లోకం ఆకాశంలో రెండు గ్రహాలు ఎప్పుడు కలుస్తాయో చెబుతుంది. ఎదురెదురుగా వస్తుంటే వాటి మధ్య దూరాన్ని వేగాల మొత్తంతో భాగించాలి. ఒకే దిశలో పోతుంటే వేగాల భేదంతో భాగించాలి.

పిల్లలూ, మన పరీక్షల్లో వచ్చే రైళ్ల లెక్క ఇదే! రెండు రైళ్ల మధ్య దూరం 300 కిలోమీటర్లు. వేగాలు గంటకు 60, 40 కిలోమీటర్లు. ఎన్ని గంటల్లో కలుస్తాయో తెలియదు కాబట్టి, ఆ గంటలను ‘గ’ అనుకుందాం.

ఎదురెదురుగా వస్తే: 60గ + 40గ = 300. కాబట్టి గ = 3 గంటలు.

ఒకే దిశలో పోతూ, వేగంగా పోయే రైలు వెనుక ఉంటే: 60గ = 40గ + 300. కాబట్టి గ = 15 గంటలు.

దూరం అదే, వేగాలూ అవే. మొదటి లెక్కలో ఎడం గంటకు 100 కిలోమీటర్లు తరుగుతుంది, రెండో లెక్కలో 20 మాత్రమే. వేగాలను కూడాలా, తీసివేయాలా అని తడబడేవారు ముందుగా చూడవలసింది దిశ.

చలనం చూసేవారి స్థానాన్ని బట్టి కనిపిస్తుందని కూడా ఆర్యభటుడు గ్రహించాడు. పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డు మీద కదలనివి వెనక్కి పోతున్నట్టు తోస్తాయి. అలాగే భూమి తిరుగుతుంటే మనకు నక్షత్రాలు పడమరకు పోతున్నట్టు కనిపిస్తాయని ఆయన వివరించాడు. ఈ మాటను అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. ఏడో శతాబ్దంలో బ్రహ్మగుప్తుడంతటి గణితవేత్త దాన్ని ఖండించాడు. కొందరు వ్యాఖ్యాతలు శ్లోకానికి వేరే అర్థం చెప్పారు. అయినా భూమి తిరుగుతూనే ఉంది! 1975 ఏప్రిల్ 19న అంతరిక్షంలోకి వెళ్లిన మన తొలి ఉపగ్రహానికి ఆయన పేరే పెట్టారు.

అమ్మకో నాన్నకో బదిలీ అయి కొత్త ఊరికి రైల్లో వెళ్తున్నప్పుడు కిటికీలోంచి చూడండి. ఎదురుగా వచ్చే రైలు క్షణాల్లో దాటిపోతుంది. పక్క పట్టాల మీద మనతోపాటే వచ్చే రైలు చాలాసేపు కనిపిస్తూనే ఉంటుంది. మొదటిది వేగాల మొత్తం, రెండోది వేగాల భేదం.